కడుపులో యాసిడ్: ఎక్కువైందా, చోటు తప్పిందా?

గుండెల్లో మంటతో బాధపడే చాలామందిలో కడుపు తయారుచేసే యాసిడ్ మామూలు మోతాదులోనే ఉంటుంది. ఆ యాసిడ్ కడుపులో ఉండిపోకుండా అన్నవాహికలోకి ఎగదన్నడం వల్ల మంట పుడుతుంది. అల్సర్ల విషయంలోనూ మొదటి దెబ్బ చాలాసార్లు తగిలేది కడుపు గోడను కాపాడే ఏర్పాటుకే. అయినా పొట్టలో ఏ ఇబ్బంది వచ్చినా "యాసిడ్ ఎక్కువైంది" అనేసుకుని ఏళ్ల తరబడి మాత్రలు మింగేవాళ్లు ఎందరో ఉన్నారు. యాసిడ్‌ను శత్రువుగా చూసే ఈ అలవాటు మారాలంటే అది ఎలా పుడుతుందో, దేని అదుపులో ఉంటుందో, ఏం పని చేసి పెడుతుందో తెలియాలి.

ఆహారం అరగడం నోట్లోనే మొదలవుతుంది. లాలాజలంలోని ఎమైలేజ్ అనే ఎంజైమ్ పిండి పదార్థాల పని పడుతుంది. మింగిన ముద్ద సుమారు 25 సెంటీమీటర్ల పొడవున్న అన్నవాహికను దాటడానికి దాదాపు 10 సెకన్లు పడుతుంది. అది తన బరువుతో జారిపోదు. గొట్టం గోడల్లోని కండరాలు పైనుంచి కిందికి వరసగా బిగుస్తూ దాన్ని నెట్టుకెళ్తాయి. అందుకే పడుకున్న మనిషి కూడా మింగగలడు. అన్నవాహిక చివర, కడుపు మొదట్లో ఉంగరంలాంటి కండరం ఒకటి బిగుసుకుని ఉంటుంది. ముద్ద వచ్చినప్పుడు వదులవుతుంది, వెళ్లగానే మూసుకుంటుంది. గుండెల్లో మంట కథంతా ఈ చిన్న కండరం దగ్గరే ఉంది.

ఖాళీ కడుపులో 50 నుంచి 75 మిల్లీలీటర్లకు మించి చోటు ఉండదు. భోజనం పడేసరికి అదే కడుపు సాగి లీటరును, అంతకు మించి కూడా పట్టుకుంటుంది. అంత సాగినా లోపల ఒత్తిడి పెద్దగా పెరగదు. మింగడం మొదలవగానే మెదడు నుంచి వేగస్ నాడి ద్వారా వచ్చే సంకేతం కడుపు పైభాగాన్ని ముందే వదులు చేసి ఉంచుతుంది. ఈ సర్దుబాటు సరిగా జరగనివాళ్లకు నాలుగు ముద్దలకే కడుపు నిండినట్టు ఉంటుంది. దాన్ని కూడా చాలామంది గ్యాస్ అనో ఎసిడిటీ అనో అనుకుంటారు.

యాసిడ్ పుట్టే చోటు

కడుపు లోపలి పొరలో లెక్కలేనన్ని సన్నటి గుంటలు ఉంటాయి. వాటి అడుగున ఉన్న గ్రంథుల్లో పెరైటల్ కణాలు హైడ్రోక్లోరిక్ యాసిడ్‌ను తయారుచేస్తాయి. కణంలోని నీరు, కార్బన్ డయాక్సైడ్ కలిసి హైడ్రోజన్ అయాన్‌గా, బైకార్బనేట్‌గా విడిపోతాయి. ఈ పనిని కార్బోనిక్ ఎన్‌హైడ్రేజ్ అనే ఎంజైమ్ వేగవంతం చేస్తుంది. కణం అంచున ఉన్న ప్రోటాన్ పంపు ఒక పొటాషియం అయాన్‌ను లోపలికి తీసుకుంటూ ఒక హైడ్రోజన్ అయాన్‌ను బయటికి తోస్తుంది. క్లోరైడ్ వేరే దారిలో బయటికి వచ్చి దానితో కలుస్తుంది. కణం లోపల యాసిడ్ నిల్వ ఉండదు. తయారవడం, బయటపడడం ఒకేసారి జరుగుతాయి.

ఈ పంపు చేసే పని మామూలుది కాదు. పీహెచ్ అంటే పుల్లదనానికి కొలత, అంకె తగ్గేకొద్దీ యాసిడ్ ఎక్కువని అర్థం. రక్తం పీహెచ్ 7.4 ఉంటే, పెరైటల్ కణం వదిలే ద్రవం పీహెచ్ 1 కంటే తక్కువ, సుమారు 0.8 దాకా ఉంటుంది. అంటే రక్తంలో ఉన్నదానికి దాదాపు 40 లక్షల రెట్లు చిక్కగా హైడ్రోజన్ అయాన్లను పోగుచెయ్యాలి. ఎక్కువ ఉన్న వైపుకే ఇంకా ఇంకా తోస్తూ ఉండాలంటే విపరీతంగా శక్తి కావాలి. అందుకే ఈ కణాల నిండా శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా కిక్కిరిసి ఉంటాయి. మిగిలిపోయిన బైకార్బనేట్ రక్తంలోకి వెళ్తుంది. భోజనం చేసిన కొంతసేపటికి రక్తం, మూత్రం కాస్త క్షార గుణం వైపు జరగడం ఈ కారణంగానే.

పంపులు ఎప్పుడూ నడుస్తూ ఉండవు. ఆకలి లేనప్పుడు అవి కణం లోపల చిన్న సంచుల గోడల్లో నిద్రాణంగా ఉంటాయి. సంకేతం అందగానే ఆ సంచులు కణం అంచుతో కలిసిపోయి, పంపులు బయటికి తేలి, ఉపరితలం ఎన్నో రెట్లు విస్తరిస్తుంది. పని అయ్యాక అవి తిరిగి లోపలికి వెళ్లిపోతాయి. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే యాసిడ్ మాత్రలు ఎప్పుడు వేసుకోవాలో డాక్టర్ ఎందుకంత పట్టుబట్టి చెబుతారో అర్థమవుతుంది.

ఎవరు తెరుస్తారు, ఎవరు మూస్తారు

పంపులను లేపే సంకేతాలు మూడు. వేగస్ నాడి కొసల నుంచి వచ్చే ఎసిటైల్‌కోలిన్ ఒకటి. కడుపు దిగువ భాగంలోని జీ కణాలు రక్తంలోకి వదిలే గ్యాస్ట్రిన్ అనే హార్మోన్ రెండోది. పెరైటల్ కణాల పక్కనే ఉండే మరో రకం కణాలు విడుదల చేసే హిస్టమిన్ మూడోది. గ్యాస్ట్రిన్ తన పని చాలామటుకు ఈ హిస్టమిన్‌ను బయటికి రప్పించడం ద్వారానే చేయించుకుంటుంది. మూడూ కలిసినప్పుడు వచ్చే ఫలితం విడివిడిగా వచ్చేదానికన్నా చాలా ఎక్కువ.

తిండి కనపడినా, వాసన తగిలినా, తలచుకున్నా నోరూరుతుందని అందరికీ తెలుసు. అదే సమయంలో కడుపులో జఠరరసం కూడా ఊరుతుంది. రష్యన్ శాస్త్రవేత్త ఇవాన్ పావ్‌లోవ్ కుక్కల్లో మింగిన ఆహారం కడుపుకి చేరకుండా మెడ దగ్గరే బయటికి వచ్చేలా ఏర్పాటు చేసి, అయినా కడుపులో రసం ఊరుతోందని చూపించారు. జీర్ణక్రియ మీద ఆయన చేసిన పరిశోధనకు 1904లో నోబెల్ బహుమతి వచ్చింది. భోజనం వల్ల ఊరే యాసిడ్‌లో సుమారు మూడో వంతు ఇలా ముద్ద కడుపులో పడకముందే మొదలవుతుంది. కడుపు సాగడం, మాంసకృత్తుల ముక్కలు తగలడం వల్ల ఊరేదే అన్నిటికన్నా పెద్ద వాటా. పేగు దశలో ఊరేది కొద్దిపాటే. మొత్తం మీద రోజుకు ఊరే జఠరరసం ఒకటిన్నర నుంచి రెండు లీటర్లు.

మూసే ఏర్పాటు ఇంకా ముఖ్యం. కడుపు దిగువ భాగంలో పీహెచ్ 3 కంటే తగ్గిందంటే అక్కడి డీ కణాలు సోమటోస్టాటిన్ అనే హార్మోన్‌ను వదులుతాయి. అది గ్యాస్ట్రిన్‌ను, హిస్టమిన్‌ను, పెరైటల్ కణాలను మూడింటినీ అణుస్తుంది. చిన్నపేగులోకి కొవ్వు, యాసిడ్ చేరినప్పుడు అక్కడి హార్మోన్లు కూడా "ఇక చాలు" అనే సంకేతం పంపుతాయి. ఇన్ని కళ్లేలు ఉన్న వ్యవస్థలో యాసిడ్ దానంతటదే హద్దు లేకుండా పెరిగిపోవడం అరుదు. నిజంగా అలా జరిగే జబ్బు ఒకటుంది. గ్యాస్ట్రిన్‌ను ఆపకుండా వదిలే గడ్డల వల్ల వచ్చే ఆ జబ్బును 1955లో జోలింజర్, ఎలిసన్ అనే సర్జన్లు వర్ణించారు. ఎసిడిటీ అని చెప్పుకునేవాళ్లలో అది ఉండేవాళ్లు బహు తక్కువ.

కడుపులో ఉన్నది హైడ్రోక్లోరిక్ యాసిడ్ అని ఇంగ్లండ్‌లో విలియం ప్రౌట్ 1824లో ప్రచురించిన పత్రంతో తేలింది. అప్పటికే అమెరికాలో దీనికి సంబంధించిన మరో సంఘటన జరిగి ఉంది. 1822 జూన్ 6న మాకినాక్ దీవిలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడికి దగ్గరి నుంచి తుపాకీ గుండు తగిలింది. సైనిక వైద్యుడు విలియం బ్యూమాంట్ ప్రాణం నిలబెట్టారు గానీ పొట్ట పక్కన పడిన రంధ్రం పూడలేదు. కడుపు లోపల ఏం జరుగుతోందో అందులోంచి కనిపించేది. బ్యూమాంట్ పట్టుదారానికి ఆహారం ముక్కలు కట్టి లోపలికి దింపి, గంట గంటకూ బయటికి తీసి చూసేవారు. కడుపులోంచి తీసిన రసాన్ని గాజు పాత్రలో వెచ్చగా ఉంచితే అందులోనూ ఆహారం కరుగుతోందని గమనించారు. సెయింట్ మార్టిన్ కోపంగా, చిరాగ్గా ఉన్న రోజుల్లో కడుపు తీరు మారుతోందని కూడా రాసుకున్నారు. ఆ పరిశీలనలన్నీ 1833లో పుస్తకంగా వచ్చాయి. వైద్యం ఎంతో నేర్చుకున్నది ఆ గాయం నుంచే. అయితే ఆ గాయాన్ని మోసిన మనిషి పేదవాడు, బతుకుతెరువు కోసం ఆ డాక్టర్ మీదే ఆధారపడినవాడు. ఈ చరిత్ర చెప్పేటప్పుడు బ్యూమాంట్ పేరుతో పాటు ఆయన పేరూ చెప్పడం న్యాయం.

ఆ యాసిడ్ చేసే పని

జఠరరసంలో యాసిడ్‌తో పాటు పెప్సినోజెన్ కూడా ఊరుతుంది. ఇది నిద్రపోతున్న ఎంజైమ్. యాసిడ్ తగిలితేనే పెప్సిన్‌గా మారి మాంసకృత్తులను ముక్కలు చేస్తుంది. పెప్సిన్‌ను థియొడార్ ష్వాన్ 1836లో గుర్తించారు. పీహెచ్ 2, 3 దగ్గర చురుగ్గా పనిచేసే ఈ ఎంజైమ్ యాసిడ్ తగ్గేకొద్దీ మందగిస్తుంది. యాసిడ్ మాంసకృత్తుల మడతలను కూడా విప్పుతుంది కాబట్టి పెప్సిన్‌కు కోయడం సులువవుతుంది.

ఆహారంతో వచ్చే సూక్ష్మజీవుల్లో చాలావాటిని యాసిడ్ చంపేస్తుంది. ఆహారంలోని ఇనుము పేగు పీల్చుకోగల రూపంలోకి రావడానికీ, బీ12 విటమిన్ ఆహారం నుంచి విడివడడానికీ అదే కావాలి. బీ12ను పేగు చివర పీల్చుకోవడానికి అవసరమైన ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అనే ప్రొటీన్‌ను తయారుచేసేది కూడా ఈ పెరైటల్ కణాలే. శరీరం తన కణాల మీదే దాడిచేసే ఒక రకం జబ్బులో ఇవి నశిస్తే తీవ్రమైన రక్తహీనత, నరాల బలహీనత వస్తాయి. ఏళ్ల తరబడి యాసిడ్‌ను గట్టిగా అణిచే మందులు వాడేవాళ్లలో బీ12, మెగ్నీషియం తగ్గే అవకాశం ఉండడం, కొన్ని రకాల పేగు ఇన్‌ఫెక్షన్లు పెరగడం చూసి డాక్టర్లు జాగ్రత్త పడేది ఇందుకే.

మాంసాన్ని కరిగించే ద్రవం మాంసంతోనే చేసిన కడుపును ఎందుకు కరిగించదన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. కడుపు గోడ పైకణాలు చిక్కటి జిగురును వదులుతూ, అందులోకి బైకార్బనేట్‌ను నింపుతూ ఉంటాయి. జిగురు పొరకు అవతల పీహెచ్ 2 ఉన్నా, ఇవతల కణాన్ని తాకే చోట 7కు దగ్గరగా ఉంటుంది. ఆ పొర మందం మిల్లీమీటరులో కొద్ది భాగమే. కింద కణాలు ఒకదానికొకటి గట్టిగా అతుక్కుని ఉంటాయి, రక్తప్రసారం బాగా ఉంటుంది, మూడు నుంచి ఐదు రోజులకోసారి పైకణాలు మారిపోయి కొత్తవి వస్తాయి. జిగురు, బైకార్బనేట్, రక్తప్రసారం మూడింటినీ నిలబెట్టేవి ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు. నొప్పి తగ్గించే ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి మందులు శరీరమంతటా వీటి తయారీని ఆపుతాయి. ఒంటినొప్పి తగ్గుతుంది, దాంతోపాటు కడుపు కవచం పలచబడుతుంది. ఇలాంటి మాత్రలు డాక్టర్‌తో మాట్లాడకుండా రోజుల తరబడి వాడడం కడుపుకి చాలా ప్రమాదం.

కడుపు దాటాక

కడుపు దిగువ భాగంలో నిమిషానికి మూడు చొప్పున అలలు పుడుతూ ఆహారాన్ని కిందికి నెడతాయి. కింద పైలోరస్ అనే ద్వారం జల్లెడలా పనిచేస్తుంది. ఒకటి రెండు మిల్లీమీటర్ల కంటే పెద్ద ముక్కలను వెనక్కి తోసేసి, మెత్తబడ్డ జావను కొద్దికొద్దిగా వదులుతుంది. నీళ్లు త్వరగా వెళ్లిపోతాయి. గట్టి ఆహారానికి గంటలు పడుతుంది. కొవ్వు ఎక్కువైతే ఇంకా ఆలస్యం. అంతా ఖాళీ అయ్యాక గంటన్నర, రెండు గంటలకోసారి మరో రకం పెద్ద అల కడుపు నుంచి చిన్నపేగు చివరిదాకా ఊడ్చుకుంటూ పోతుంది. కడుపులో ఎలుకలు పరిగెత్తాయని మనం అనే చప్పుళ్లలో చాలావరకు ఈ అలవే.

జావ చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలంలోకి రాగానే దాని యాసిడ్‌ను తటస్థం చెయ్యాలి. ఎందుకంటే అక్కడి గోడకు కడుపు గోడంత కవచం లేదు. పీహెచ్ 4.5 కంటే తగ్గగానే ఆ గోడలోని కణాలు సెక్రెటిన్‌ను రక్తంలోకి వదులుతాయి, క్లోమగ్రంథి (ప్యాంక్రియాస్) బైకార్బనేట్ ఉన్న రసాన్ని పంపుతుంది. 1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ కుక్క పేగులో ఒక భాగానికి నరాల సంబంధం తెంచేసి, అందులో యాసిడ్ పోసినా క్లోమరసం ఊరడం చూశారు. సంకేతం నరాల ద్వారా కాకుండా రక్తం ద్వారా వెళ్తోందని అప్పుడే మొదటిసారి రుజువైంది. శాస్త్రం గుర్తించిన మొట్టమొదటి హార్మోన్ సెక్రెటినే. హార్మోన్ల శాస్త్రం మొత్తానికి పునాది కడుపులోని యాసిడ్‌ను అదుపు చేసే ఈ చిన్న ఏర్పాటులో పడింది.

మిగతా పని చిన్నపేగుది. పిత్తరసం కొవ్వును సన్నటి బిందువులుగా చేస్తుంది, క్లోమ ఎంజైములు పిండి పదార్థాలు, మాంసకృత్తులు, కొవ్వులను చిన్న అణువులుగా కోస్తాయి, గోడ వాటిని పీల్చుకుంటుంది. పేగు లోపలి వైశాల్యం టెన్నిస్ కోర్టంత ఉంటుందని చాలాకాలం చెప్పుకున్నారు. 2014లో స్వీడన్ పరిశోధకులు కొలిచి చూస్తే జీర్ణనాళం మొత్తానికీ సుమారు 32 చదరపు మీటర్లని తేలింది. తాగిన నీళ్లు, ఊరిన రసాలు కలిపి రోజుకు 9 లీటర్ల దాకా ద్రవం చిన్నపేగులోకి వస్తుంది. అందులో అత్యధిక భాగం అక్కడే, మిగిలింది పెద్దపేగులో తిరిగి రక్తంలోకి చేరి, మలంతో పోయేది 100 నుంచి 200 మిల్లీలీటర్లే. విరేచనాలు పట్టుకుంటే మనిషి గంటల్లో ఎందుకు నీరసించిపోతాడో ఈ లెక్క చెబుతుంది. కింది నుంచి పోయే గ్యాస్ ఎక్కువగా పెద్దపేగులోని బ్యాక్టీరియా తయారుచేసేది. తేన్పుగా పైకి వచ్చేది చాలావరకు మింగిన గాలి. రెండూ యాసిడ్ వల్ల పుట్టేవి కావు, యాసిడ్ మాత్రతో తగ్గేవీ కావు.

హద్దు తప్పినప్పుడు

అన్నవాహికకు కడుపుకి ఉన్న జిగురు కవచం లేదు. పైన చెప్పిన ఉంగరం కండరం మింగకపోయినా అప్పుడప్పుడు కొన్ని సెకన్లు వదులవుతుంది. కడుపులో చేరిన గాలి తేన్పుగా పోయేది అలాగే. కడుపు బాగా సాగినప్పుడు ఈ వదులవడాలు ఎక్కువవుతాయి, గాలితో పాటు యాసిడ్ కూడా పైకి ఎగదంతుంది. పులితేన్పులు, గొంతులో మంట అక్కడి నుంచే. పొట్ట చుట్టూ కొవ్వు, గర్భం, కడుపు పైభాగం ఛాతీకీ పొట్టకీ మధ్య ఉన్న డయాఫ్రమ్ అనే కండరాన్ని దాటి ఛాతీలోకి జరగడం దీన్ని పెంచుతాయి.

ఒక విషయం వింతగా తోస్తుంది. భోజనం చేసిన వెంటనే ఆహారం యాసిడ్‌ను పీల్చుకోవడం వల్ల కడుపులో మొత్తం మీద పుల్లదనం తగ్గుతుంది. కానీ మంట వచ్చేది ఎక్కువగా అప్పుడే. కొత్తగా ఊరిన యాసిడ్ ఆహారంతో కలవకుండా దాని పైన, సరిగ్గా ఆ కండరం కిందే తేలి ఉండడం దీనికి కారణం. కండరం వదులైతే ముందు పైకి వచ్చేది అదే. తిన్న వెంటనే పడుకోవద్దని, రాత్రి భోజనానికీ పడకకీ రెండు మూడు గంటల తేడా ఉండాలని, తలవైపు మంచాన్ని ఎత్తుగా ఉంచుకోవాలని, ఎడమ పక్కకు తిరిగి పడుకోవాలని చెప్పేవన్నీ యాసిడ్‌ను తగ్గించే సలహాలు కావు. యాసిడ్‌ను దాని చోట ఉంచే సలహాలు. మందుతో పాటు వీటినీ సమానంగా పట్టించుకోవాలి.

అల్సర్ల కథ మలుపు తిరిగింది 1982లో. అప్పటిదాకా టెన్షన్, యాసిడ్ అల్సర్లకు కారణమని వైద్యులు కూడా నమ్మేవారు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బారీ మార్షల్ కడుపు పొరలోంచి హెలికోబాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియాను పెంచగలిగారు. ఎవరూ నమ్మకపోవడంతో 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియాను తానే తాగి, కడుపు వాపు తెచ్చుకుని చూపించారు. ఇద్దరికీ 2005లో నోబెల్ వచ్చింది. ఈ బ్యాక్టీరియా యూరియా నుంచి అమ్మోనియా తయారుచేసుకుని తన చుట్టూ యాసిడ్‌ను తటస్థం చేసుకుంటుంది. కడుపు దిగువ భాగంలో స్థిరపడితే సోమటోస్టాటిన్ తగ్గి, గ్యాస్ట్రిన్ పెరిగి, యాసిడ్ ఎక్కువై ఆంత్రమూలంలో పుండు పడుతుంది. కడుపంతా పాకితే పెరైటల్ కణాలు దెబ్బతిని యాసిడ్ తగ్గిపోతుంది, అలాంటి కడుపులోనే క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. యాసిడ్ పెరిగినా తగ్గినా మూలం ఒకే సూక్ష్మజీవి. యాంటీబయాటిక్స్‌తో దాన్ని తొలగిస్తే చాలామందిలో అల్సర్ మళ్లీ రాదు.

మింగడం కష్టమవడం, రక్తపు వాంతి, తారులా నల్లటి మలం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత ఉంటే మాత్రలతో కాలం గడపకూడదు, ఎండోస్కోపీ అవసరమేమో డాక్టర్ చూడాలి. ఛాతీలో బరువుగా పట్టేసి, చెమటలు, ఆయాసం ఉంటే అది గ్యాస్ అనుకోకుండా ముందు గుండె పరీక్ష చేయించాలి.

మందుల్లో యాంటాసిడ్ ఊరిన యాసిడ్‌ను నిమిషాల్లో తటస్థం చేస్తుంది, ప్రభావం కొద్దిసేపే. జేమ్స్ బ్లాక్ బృందం హిస్టమిన్ సంకేతాన్ని అడ్డుకునే సిమెటిడిన్‌ను తయారుచేసింది. అది 1976లో బ్రిటన్‌లో మార్కెట్‌లోకి వచ్చాక అల్సర్ ఆపరేషన్లు బాగా తగ్గాయి. 1988లో వచ్చిన ఒమెప్రజోల్, ఆ తర్వాత వచ్చిన పాంటప్రజోల్ లాంటివి నేరుగా ప్రోటాన్ పంపునే పట్టుకుంటాయి. ఇవి పనిచేస్తున్న పంపునే పట్టుకోగలవు, సంచుల్లో నిద్రిస్తున్నదాన్ని కాదు. రక్తంలో మందు ఉండేది కొద్ది గంటలే. కాబట్టి ఆహారంతో పంపులు లేచే సమయానికి మందు రక్తంలో ఉండేలా భోజనానికి అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి. మంట వచ్చాక వేసుకుంటే చాలామటుకు వృథా. పూర్తి ప్రభావం కనపడడానికి మూడు నుంచి ఐదు రోజులు పడుతుంది.

అల్సర్, అన్నవాహిక పుండ్లు, రక్తం పలచబడే మందులు తప్పనిసరైనవాళ్ల విషయంలో ఇవి ప్రాణాలు కాపాడే మందులు, భయపడి మానెయ్యకూడదు. అవసరం లేకుండా నెలల తరబడి వాడేవాళ్ల సంగతి వేరు. యాసిడ్ తగ్గిందని తెలియగానే కడుపు గ్యాస్ట్రిన్‌ను పెంచుతుంది, హిస్టమిన్ వదిలే కణాలు వృద్ధి చెందుతాయి. మందు ఒక్కసారిగా ఆపితే పేరుకున్న ఆ శక్తంతా యాసిడ్‌గా ఊరుతుంది. 2009లో డెన్మార్క్ పరిశోధకులు ఎసిడిటీ బాధే లేని 120 మంది ఆరోగ్యవంతులను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి ఎనిమిది వారాలు ఎసోమెప్రజోల్ ఇచ్చి తర్వాత ఆపారు, రెండో గుంపుకి మొదటి నుంచీ ఉత్తుత్తి మాత్రలే ఇచ్చారు. మందు ఆపిన వారాల్లో మొదటి గుంపులో 44 శాతం మందికి గుండెల్లో మంట, పులితేన్పులు, అజీర్తి లాంటివి వచ్చాయి. రెండో గుంపులో అలా వచ్చింది 15 శాతం మందికే. మందు ఆపగానే మంట వచ్చిందంటే పాత జబ్బు తిరగబెట్టిందనే అర్థం కాదు. చాలాకాలం వాడినవాళ్లు డాక్టర్ సలహాతో మోతాదు మెల్లగా తగ్గించుకుంటూ, మధ్యలో వచ్చే మంటకు కొద్దిరోజులు యాంటాసిడ్‌తో సర్దుకోవాలి. గ్యాస్ట్రిన్ మామూలు స్థాయికి దిగడానికి కొన్ని వారాలు పడుతుంది.